మేనేజర్ పొట్టేలు మీద ఐదుగురి తీర్పు

నస్పూర్ బొగ్గుగని కాలనీలో రిటైరైన రాయమల్లు తిండి గురించి చెబితే సగం మంది నమ్మరు. నమ్మే సగం ఆయనతో పెళ్లిళ్లకు పోయి కళ్లారా చూసినవాళ్లు. ఆయన తిని తేన్చితే రెండో షిఫ్టు సైరన్ అనుకుని జనం టిఫిన్ డబ్బాలతో గని దారి పట్టేవారు. ఆయన్ని చూస్తే బగారన్నం గంజులు మూతలు వాటంతట అవే బిగించుకునేవి.

అంతటి మనిషిని గల్లీ పంచాయితీలో ఐదో పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. కోర్టుల్లో జ్యూరీలు ఎప్పుడో పోయాయి గాని ఆ గల్లీలో ఇప్పటికీ ఐదుగురి మాటే చట్టం. అందరూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా మంచినీళ్లయినా ముట్టరాదు. తప్పు తేలినవాడు ఆ ఐదుగురికీ దావత్ ఇవ్వాలి. ఆకలికి ఆగలేని రాయమల్లు ఉంటే పంచాయితీ జల్ది తెగుతుందని ఐదుగురిలో పెద్దయిన లక్ష్మీరాజం ఎత్తు. అది ఇంతవరకు ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఆదివారం ముద్దాయి బుచ్చిరాములు పొట్టేలు. పని చేయదు, వేళకు మేస్తుంది, అందరి మీదికీ కొమ్ములు విసురుతుంది. అందుకే దాని పేరు మేనేజర్. తల్లి చనిపోతే బుచ్చిరాములు పాలసీసా పట్టి పెంచాడు. అది పక్కింటి చంద్రవ్వ ఆరేసిన పట్టుచీర కొంగు మింగింది.

"సగం కొంగు దాని నోట్లెనే ఏలాడవట్టె! నా కండ్లతోని జూసిన" అంది చంద్రవ్వ.

బుచ్చిరాములు దాచలేదు. "తిన్నదే అక్కా. చీర నేను కొనిస్త. దాన్ని మాత్రం ఏమనకుండ్రి."

"తప్పు ఒప్పుకున్నడు, చీర ఇస్తడు. ఇగ దావత్" అన్నాడు లక్ష్మీరాజం. "గా పొట్టేలునే కోద్దాం. ఏమంటరు?"

ముగ్గురు సరే అన్నారు. మిగిలింది రాయమల్లు. ఇక అయిపోయినట్టేనని బుచ్చిరాములు పొట్టేలు మెడ వాటేసుకుని కూలబడ్డాడు.

"నేనొప్ప" అన్నాడు రాయమల్లు.

"ఏమాయెనే? పానం మంచిగ లేదా?" అన్నాడు లక్ష్మీరాజం.

"పానం మంచిగనే ఉంది. నోరే మంచిగ లేదు. పొట్టేలనంగనే నీళ్లూరినయ్. సరే అనేది నా మనసా, నా నాలుకనా, నాకే సమజైతలేదు. తీర్పు జెప్పేటోళ్లమే తినేటోళ్లమైతే ఎట్లనే?"

"గిన్నేండ్ల సంది మంచిగ తిన్నవు గదా!"

"తిన్న. అయన్ని కోళ్లు. కోడిని మనమెన్నడు విచారించలే. ఇదేమో మన మొఖాలు జూసుకుంట నిలవడ్డది."

పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఆదివారం కదా, ప్రతి ఇంట్లోంచీ మసాలా వాసన. రాయమల్లు కడుపు ఎంత గట్టిగా ఉరిమిందంటే, గని కప్పు కూలుతోందనుకుని మిగతా నలుగురూ లేచి నిలబడ్డారు.

"నీ కడుపు మాడతలేదా?" లక్ష్మీరాజం గొంతు ఎండిపోయింది.

"నీకంటె డబుల్ మాడుతుంది. కూసో."

ఇన్నేళ్లూ ఆయన ఆకలిని నమ్ముకుని పంచాయితీలు తెంపినవాళ్లకు తమ ఆకలి సంగతి అప్పుడే తెలిసింది. ఒకాయన పెదవులు తడుపుకున్నాడు. ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. చివరికి లక్ష్మీరాజమే చేతులెత్తేశాడు. "సరే తియ్! పప్పు, పచ్చిపులుసు దావత్. ఇగ మీదికెల్లి, దేని మీద తీర్పు జెప్తమో దాన్ని మనం తినద్దు. ఒప్పుకుంటరా?"

ఐదుగురి మాటా ఒక్కటైంది. "నాక్కావాల్సింది చీర. దాని మాంసం, బొక్కలు నాకెందుకు?" అంటూ చంద్రవ్వ కూడా లేచింది.

సాయంత్రం బుచ్చిరాములు ఇంట్లో భోజనాల బంతి లేచింది, రాయమల్లు తప్ప. బుచ్చిరాములు అన్నం గంజును అడుగు దాకా గీకుతూ నవ్వాడు.

"రాయమల్లన్నా, పొట్టేలునైతే బతికిచ్చినవు. ఇగ మమ్ములను గూడ జర బతుకనియ్యే!"