మిరప రైతులకు వెళ్ళిన చేపలు

బడిలో తెలుగు చెప్పడం మానేశాక నాకు దొరికిన పని రైతుల ఫోన్లకు మెసేజీలు రాయడం. మంగళగిరిలో ఒక చిన్న ఆఫీసు. వాన సూచనలు, పురుగు సంగతులు, మందు కొట్టాల్సిన వేళలు వాళ్ళు ఇంగ్లీషులో పంపుతారు. వాటిని మిరపా పత్తీ వేసేవాళ్ళు ఒక్కసారి చదవగానే అర్థమయ్యేలా తెలుగులో పెట్టడం నా వంతు. చిలకలూరిపేటలో మా పరుపుల కొట్టు మీదే మా ఇల్లు. కింద మా ఆయన దూది ఏకే మిషను తిప్పుతుంటే, పైన నేను లాప్‌టాప్ ముందేసుకుని కూర్చునేదాన్ని.

ఆ లాప్‌టాప్‌లో ఆఫీసువాళ్ళు ఇంకో కంప్యూటర్ పెట్టి ఇచ్చారు. చేత్తో తాకే వస్తువు కాదు, సాఫ్ట్‌వేరుతో కట్టిన లినక్స్ కంప్యూటర్. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి గుర్తులుండవు. ఒక నల్లటి తెర, దాని మీద ఆగి ఆగి మెరిసే చిన్న గీత. ఏం కావాలన్నా కమాండ్ టైపు చేసి అడగాలి. నేను రాసిన వాక్యాలకు ఆయా ఊళ్ళ వాతావరణం కలిపి, ఊరికో మెసేజీ తయారుచేసే ప్రోగ్రాం అందులో ఉంటుంది. రైతులకు పంపే వెబ్ పేజీ మాత్రం బయట, మామూలు కంప్యూటర్లో ఉంటుంది. లోపల తయారైనదాన్ని బయటికి తెచ్చుకోవాలి. నా అవస్థంతా అక్కడే.

మౌస్‌తో లాగి కాపీ చేస్తే తెర అంచు దగ్గర వాక్యం తెగిపోయేది. నల్ల తెర మీద ఒత్తులు అక్షరాల కింద నిలవక పక్కకు జరిగిపోయేవి. రెండు మూడుసార్లు తిప్పలు పడి, ఇక చూసి మళ్ళీ టైపు చేసుకోవడమే మేలని ఊరుకున్నాను. పొద్దున్నే మొదలుపెడితే టిఫిన్ వేళ దాటేది. ఎవరినైనా అడుగుదామంటే మొహమాటం. ఆ ఆఫీసులో అందరూ నా శిష్యుల వయసువాళ్ళు.

ఒంగోలు వైపు ఊళ్ళకు మెసేజీలు పంపేది ఇంకో అమ్మాయి. మంగళగిరిలోనే కూర్చుని పనిచేస్తుంది. ఒకరోజు తనే ఫోన్ చేసింది.

"మేడమ్, మీ ఊళ్ళకి రోజూ లేటవుతోందేంటండీ? నెట్ ఏమన్నా ఇబ్బందా?"

"నెట్ బాగానే ఉందమ్మా. మళ్ళీ టైపు చేసేసరికి ఆ మాత్రం పడుతోంది."

"మళ్ళీ టైపు చేస్తున్నారా! మొత్తం?"

ఆ గొంతులో వెటకారం లేదు, బాధే ఉంది. అప్పటికప్పుడు ఫోన్లోనే కూర్చోబెట్టి నేర్పింది. మెసేజీ చూపించే కమాండ్ చివర నిలువు గీత ఒకటి పెట్టి, దాని పక్కన ఇంకో చిన్న మాట టైపు చేయమంది. ఎంటర్ కొడితే తెర మీద ఏమీ కనిపించలేదు.

"ఏం రాలేదమ్మా."

"వచ్చిందండి, కనిపించదంతే. బయట కాపీ చేసింది ఎక్కడుంటుందో ఇది కూడా అక్కడే ఉంటుంది. వెబ్ పేజీలోకెళ్ళి పేస్ట్ చేయండి."

చేశాను. ఇంగ్లీషులో ఒక పరీక్ష వాక్యం, ఒక్క చుక్క కూడా పోకుండా వచ్చి కూర్చుంది. ఇద్దరం సంతోషపడ్డాం. ఈ చిట్కా తనకూ ముందురోజే తెలిసిందట, ఇదివరకు ఫైలుగా దాచి తెరిచి తిప్పలు పడేదట. ఇక తనూ ఇలాగే చేస్తానంది.

మర్నాడు పొద్దున్నే వాన సూచన వచ్చింది. కళ్ళాల్లో మిరపకాయ ఎండుతున్న రోజులవి. సాయంత్రానికి జల్లు పడొచ్చు, కాయ కుప్పచేసి పట్టలు కప్పుకోండి, అన్నది మెసేజీ. కొత్త పద్ధతిలో బయటికి తెచ్చి పేస్ట్ చేశాను. తెలుగు లేదు. వరసగా చిన్న చేపల్లాంటి గుర్తులు. గుండ్రటి పొట్ట, విచ్చుకున్న తోక. చేప పక్కన చుక్కల పెట్టె, మళ్ళీ చేప, మళ్ళీ పెట్టె. పంపకుండా ఆపి ఆ అమ్మాయికి ఫోన్ కలిపాను.

"అమ్మా, తెలుగు రావడం లేదు. నీకెలా వచ్చింది?"

తను పంపినవి తెరిచి చూసుకుంది. "నేను చూసుకోలేదండీ. వాన కదా అని గబగబా పంపించేశాను. అన్ని ఊళ్ళకీ."

ఆ తర్వాత ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు. అంతలో నా ఫోన్‌కు ఇంకో కాల్ వచ్చింది. ఎవరు పంపినా మెసేజీ కింద సందేహాలకు ఇచ్చే నంబరు నాదే. ఎత్తాను. ఎవరో పెద్దాయన.

"ఏందమ్మా ఇది, చేపలు పంపిచ్చారు? మాది మిరపతోట. చెరువులోళ్ళకి పంపాల్సింది మాకు పంపిచ్చారా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, "తప్పుగా వచ్చిందండీ, సాయంత్రం వాన పడొచ్చు, కాయ ఎత్తి పట్ట కప్పుకోండి" అని చెప్పాను.

"అట్నా! మరి ఆ ముక్క రాయొచ్చుగా?" అని, వెంటనే ఎవరినో గట్టిగా కేకేశాడు. "ఒరేయ్, పట్టలు తియ్యండిరా!"

ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి ఆయన అన్నమాట చెప్పాను. ఏడుపులోనే నవ్వింది. "మెసేజీ మళ్ళీ పంపుదాం. కానీ ఇప్పుడొచ్చినదాన్ని చూసి, రెండోది కూడా అంతేననుకుని తెరవరు కొందరు. ఊరికిద్దరికైనా ఫోన్ చేద్దాం. నీ లిస్టులో పైనున్న ఊళ్ళు నువ్వు చెయ్యి, కిందవి నేను చేస్తా" అన్నాను.

నా ఊళ్ళ మెసేజీలు పాత పద్ధతిలోనే టైపు చేసి పంపి, ఫోన్లు మొదలుపెట్టాను. కొందరు విసుక్కున్నారు. కొందరు మా ఊళ్ళో ఎవరమ్మాయివని ఆరాతీశారు. ఒకావిడ వాన మాట వదిలేసి తామర పురుగుకు ఏం కొట్టాలో అడిగింది. నేను గొంతెత్తి "పట్టలు కప్పుకోండి, పట్టలు" అంటుంటే మా అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఊరందరికీ చెబుతున్నావు బాగానే ఉంది. డాబా మీద మన దూది ఆరబెట్టాం, దాని సంగతేంటి?"

నిజమే, నాకు గుర్తే లేదు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే లేవబోయాను. "నువ్వు కూర్చో, మాట్లాడు" అని, తనే మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, పైనుంచి మా ఆయన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి దూది మూటలు కట్టి కిందకు దించారు.

పొద్దు వాలేవేళకు జల్లు పడింది. పెద్ద వాన కాదు, నేల తడిసేంత. మర్నాడు ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు.

"మా కాయ తడవలా. పక్కనోళ్ళది ఓ మూల తడిసింది. మళ్ళీ ఎండబెట్టుకుంటన్నారు." అది చెప్పి, "వానుంటే ఇట్టాగే ఫోన్ చేసి చెప్పమ్మా. చదవాలంటే కళ్ళజోడు ఎతుక్కోవాల" అన్నాడు. సరేనన్నాను.

కారణం ఆ అమ్మాయే కనిపెట్టింది. లోపలి కంప్యూటర్ తెలుగు అక్షరాన్ని ఒక లెక్కలో దాస్తుందట. బయటికి మోసుకొచ్చే ఆ చిన్న మాట ఇంకో లెక్కలో చదువుతుందట. ఇంగ్లీషుకు రెండు లెక్కలూ ఒకటే కనుక మా పరీక్షలో తేడా తెలియలేదు. మధ్యలో లెక్క మార్చే కమాండ్ ఒకటి చేర్చాలి.

"ఈసారి తెలుగులోనే పరీక్ష పెడదామండీ. కష్టమైన అక్షరాలన్నీ ఉండే వాక్యం ఒకటి చెప్పండి" అంది.

ఇలాంటిది అడిగితే నాకు హుషారు వస్తుంది. కాగితం తీసుకుని రాశాను: "కళ్ళంలో కాయ తడవకుండా క్షణమైనా ఆలస్యం చేయక పట్ట కప్పండి."

తను అటూ నేను ఇటూ పేస్ట్ చేశాం. వచ్చిందని ఊరుకోలేదు. తనను పైకి చదవమన్నాను. "కల్లంలో" అని మొదలుపెట్టింది.

"తెర మీద ళ ఉందా లేదా?"

"ఉందండి. నేనే అలా పలికాను."

"అయితే మళ్ళీ చదువు" అన్నాను. ఈసారి "కళ్ళంలో" అనే చదివింది.