పోనీలే వదిన

మా వదినకు ఆ పేరు పెట్టింది నేనే. పాలు పొంగిపోతే పోనీలే, ఇస్త్రీ అతను చీర కాల్చి తెస్తే పోనీలే, మా అన్నయ్య ఉద్యోగం మానేసిన ప్రతిసారీ పోనీలే. నోరు విప్పితే ముందు ఆ మాటే బయటికొచ్చేది. ఆడపడుచును కదా, ఊరికే ఎందుకుంటాను? ‘పోనీలే వదిన’ అన్నాను. వీధంతా అందుకుంది.

అప్పట్లో ఆవిడ బస్టాండు వెనక సందులో బ్యూటీ పార్లర్ నడిపేది. ఒక పెద్ద అద్దం, రెండు కుర్చీలు, ఎప్పుడూ తడిగానే ఉండే తువ్వాళ్ళు. కత్తెర ఆడుతున్నంతసేపూ వచ్చినవాళ్ళు అత్తగారి గురించో మొగుడి గురించో చెప్పుకుంటూనే ఉండేవారు. వదిన అందరికీ అదే మందు వేసేది. ఒకరోజు ఒకావిడ కుర్చీలో కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. వదిన పోనీలెండి, పోనీలెండి అంటూనే ఉంది. ఆవిడ సగం కత్తిరించిన జుట్టుతోనే లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పార్లర్‌కు తాళం వేస్తూ వదిన నాతో, “నేను సైకాలజీ చదువుతానే” అంది.

“ఈ వయసులో ఓనమాలా?” అని నేను వెక్కిరించాను. అన్నయ్య మాత్రం, “చదువుకోనీవే. వంట నేను చూసుకుంటాలే” అన్నాడు. అప్పటినుంచి వాళ్ళింట్లో కూరలో ఉప్పు తినేవాళ్ళ అదృష్టాన్ని బట్టి ఉండేది.

పట్టుదల మాత్రం మెచ్చుకోవాలి. డిగ్రీ, పీజీ, ఆ తర్వాత ఆసుపత్రిలో ట్రైనింగు, అన్నీ వరసగా దాటింది. చివరి పరీక్ష ఒక గదిలో జరుగుతుంది. అందుకు ఒప్పుకున్న మనిషి ఎదురుగా కూర్చుని తన బాధ చెబుతుంటే వినాలి. అద్దం అవతల సూపర్‌వైజరు, పరీక్షకులు కూర్చుని చూస్తుంటారు. వాళ్ళు సరేనంటేనే సైకాలజిస్టుగా లైసెన్సు.

మొదటిసారి వదిన తప్పింది. వచ్చింది ఎవరో నాకు చెప్పలేదు. అది చెప్పకూడదట. మాట మధ్యలో తన నోటినుంచి ‘పోనీలెండి’ జారిందనీ, ఎదుటివాళ్ళు కళ్ళు తుడుచుకుని “అవునండీ, పోనీలెండి” అంటూ సంచి భుజాన వేసుకున్నారనీ మాత్రం చెప్పింది.

“మీ మాటలో దయ లేదనను,” అందట సూపర్‌వైజరు. “కానీ వాళ్ళు తలుపు తీస్తుంటే మీరు మర్యాదగా మూసేశారు. ఊఁ కొట్టండి చాలు. ఇంకొక్క అవకాశమే ఉంది. ఈసారి తప్పితే ట్రైనింగు మళ్ళీ మొదటికొస్తుంది.”

నేను పడీపడీ నవ్వాను. “ఇన్నేళ్ళు చదివి ఊఁ కొట్టడం నేర్చుకోవాలా వదినా? కథ వినే చంటిపిల్లలు కూడా కొడతారు!”

“ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోయేది కదే మిరపకాయ్. ఆ సంగతే మర్చిపోయాను,” అంది వదిన. మిరపకాయ అంటే నేనే. పేర్లు పెట్టడంలో ఆవిడా తక్కువ తినలేదు.

వంటింట్లో రెండు స్టూళ్ళు వేసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సొంతవాళ్ళతో ఇలాంటివి చేయకూడదట, సూపర్‌వైజరుకు తెలిస్తే చీవాట్లు పెట్టేదట. మేము చెబితే కదా! మొదట్లో కారిపోయే మా కుళాయి గురించీ, తొంగిచూసే పక్కింటావిడ గురించీ చెప్పాను. ప్రతిసారీ వదిన “పో...” అని నాలుక కరుచుకునేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒక ఆదివారం, “ఈసారి నిజంగా బాధపెట్టింది ఏదైనా చెప్పవే” అంది.

ఎందుకు చెప్పానో నాకే తెలియదు. నా మొదటి కాన్పులో పాప దక్కలేదు. అప్పుడు అందరూ, వదినతో సహా, పోనీలే అన్నారు. చిన్నదానివే, మళ్ళీ పుడతారులే అన్నారు. పుట్టారు కూడా, ఇల్లు పీకి పందిరేసే మగపిల్లలు ఇద్దరు. ఇక ఆ పాప కోసం ఏడిస్తే దేవుడిచ్చినవాళ్ళను కాదన్నట్టు ఉంటుందని నోరు మూసుకున్నాను.

“దానికి జుట్టు ఎంత ఒత్తుగా ఉందో వదినా,” అన్నాను.

వదిన పెదవులు ఆ పాత మాట కోసం కలుసుకున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ ఆ మాటను మింగేసింది.

“ఊఁ,” అంది.

చెప్పాను. పాపను చుట్టిన గుడ్డకు పసుప్పచ్చ అంచు ఉండటం, నాకు ఎత్తుకోవడానికి ఇవ్వకపోవడం, అన్నీ చెప్పాను. వదిన ఊఁ అంటూనే ఉంది. పొయ్యి మీద అన్నయ్య పెట్టి వెళ్ళిన కూర మాడుతున్నా ఇద్దరం లేవలేదు.

“పేరేం అనుకున్నావే?” అని చివరికి అడిగింది. అన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. చెప్పాను. గట్టిగా ఏడ్చాను. ఏడ్చాక ఎంత హాయిగా ఉందో!

రెండోసారి పరీక్ష నుంచి వచ్చిన వదినను గుమ్మంలోనే పట్టుకున్నాను. “ఎవరొచ్చారు? ఏం చెప్పారు?” ఆవిడ తల అడ్డంగా ఊపింది. “పోనీ, ఊఁ కొట్టావా?”

“ఊఁ,” అంది, ముఖమంతా నవ్వుతో.

లైసెన్సు వచ్చింది. ఆ పాత పార్లర్‌కే సున్నం వేయించి, పెద్ద అద్దం తీసేసి, కుర్చీలు రెండూ ఎదురెదురుగా వేసింది. లైసెన్సుకు పటం కట్టించి తెచ్చాను నేను. అన్నయ్య మేకు కొడుతుంటే పటం కాస్తా జారి, దాని అద్దం భళ్ళుమంది. అన్నయ్య సుత్తి పట్టుకుని బిక్కమొహం వేశాడు. అందరం వదిన వైపు చూశాం.

“పోనీలే!” అంది నోరారా. ఎన్నాళ్ళు ఉగ్గబట్టుకుందో పాపం. కడుపుబ్బ నవ్వుకున్నాం.

పగిలిన అద్దానికి ఆ మాట సరిపోతుంది. నా పాప విషయంలో మాత్రం మళ్ళీ అనలేదు. అప్పుడప్పుడు, ఇద్దరమే ఉన్నప్పుడు, తనే దాని పేరు పెట్టి అడుగుతుంది: “ఈపాటికి ఏ క్లాసులో ఉండేదే?”

నేను చెబుతాను. వదిన ఊఁ కొడుతుంది.