మెట్లు మూసిన బావి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండలు ముదిరాయంటే నారికురుపు మొదలయ్యేది. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలంతా చీము పడుతుంది. సరిగ్గా దుక్కులకు సిద్ధం కావలసిన రోజుల్లో, ఏ ఇంటి వసారాలో చూసినా ఒకరు కాలు చాపుకుని, పుల్ల పట్టుకుని మూలుగుతూ కనబడేవారు.

మాది బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకునేవాళ్ళం. ఊరి బయట, అంటరానివాళ్ళని దూరం పెట్టిన పల్లెలోని వాళ్ళను మాత్రం మెట్లు దిగనిచ్చేవారు కాదు. వాళ్ళు ఒడ్డున నిలబడి, ఎవరైనా పోస్తే పట్టుకుపోయేవాళ్ళు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు.

మా అమ్మ నా పసితనంలోనే పోతే నన్ను మా పెద్దమ్మ పెంచింది. ఒక ఏడు ఆమె మోకాలి దగ్గర పురుగు తెగి లోపలే ఉండిపోయింది. పుండు మానేసరికి వర్షాలు కూడా వెనకబట్టాయి. మోకాలు మాత్రం మళ్ళీ వంగలేదు. అప్పటి నుంచి ఆ కాలిని పక్కకు విసురుతూ నడిచేది.

ఆమె ఇంకా మంచంలో ఉండగానే జిల్లా బోర్డు తరఫున ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. కురుపున్న కాలు నీళ్ళలో పెడితే పురుగు అక్కడ పిల్లలు పెడుతుందనీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుందనీ చెప్పాడు. ఇవాళ తాగిన నీళ్ళకు వచ్చే ఏడు కాలు పుండవడమేమిటని జనం నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆయన్ని మంచం దగ్గరికి పిలిపించుకుని, అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

వానలు వెలిశాక బోర్డువాళ్ళు మేస్త్రీలను పంపారు. మెట్లను రాళ్ళతో, సిమెంటుతో మూయించి, బావి మీద కప్పు వేయించి, చేతిపంపు బిగించారు. పంపు లోపల తోలు ఉందని తెలిసి కొందరు పెద్దలు ఆ నీళ్ళు ముట్టలేదు. ఎక్కడెక్కడి నుంచో మోయించుకుని, చివరికి విసిగి వాళ్ళూ పంపు దగ్గరికే వచ్చారు. పల్లెవాళ్ళ వంతు మాత్రం అక్కడా ఆఖరునే.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. కురుపులు లేవనే లేచాయి. సరిగ్గా అప్పుడే పంపు చెడింది. ఎంత కొట్టినా ఉత్త గాలి. వాగులో చెలమలు తీసి గుక్కెడు నీళ్ళకు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఒక సాయంత్రం మగవాళ్ళు గడ్డపారలు తీసుకుని మెట్లకు అడ్డం కట్టిన రాళ్ళు పగలగొట్టడానికి బయలుదేరారు. అది విని పెద్దమ్మ పొయ్యి మీది ఎసరు దించి, వాళ్ళకంటే ముందు వెళ్ళి ఆ రాళ్ళ మీద కాలు చాపుకుని కూర్చుంది. నేను ఆమె వెనక నిలబడ్డాను.

వరసకు మరిది అయ్యే ఒకాయన నెమ్మదిగానే అడిగాడు. "లెయ్యి వదినా. పంపు పెట్టినా పురుగు వచ్చిందిగా. నీళ్ళు లేక సావమంటావా?"

"ఇది పోయినేడు తాగిన నీళ్ళకి వచ్చిన పురుగయ్యా. ఇప్పుడు ఈ పుండ్ల కాళ్ళతో దిగితే వచ్చే ఏటికి మళ్ళీ ఇత్తనం ఏసినట్టే. రేపు పొద్దుగూకేదాకా ఓపిక పట్టండి. నేను పోయి మనిషిని తీసుకొస్తా."

ఆమె మాట ఎందరు నమ్మారో నాకు తెలియదు. ఆడమనిషిని చెయ్యి పట్టి లేపలేక ఆగిపోయారనే ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటికప్పుడే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. రోడ్డెక్కి, చీకటి పడ్డాక వచ్చిన, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుపుతున్న బస్సులో టౌనుకు చేరి, చర్చి వసారాలో పడుకున్నాం. తెల్లవారగానే బోర్డు ఆఫీసు మెట్ల మీద ఉన్నాం. గుమాస్తా వచ్చి, ఓవర్సీరు క్యాంపులో ఉన్నాడనీ, యుద్ధం మూలాన సామాను రావడం లేదనీ, వెళ్ళిపొమ్మనీ చెప్పాడు. పెద్దమ్మ ఎదురు చెప్పలేదు. కదలనూ లేదు. నాకు ఆకలేసి ఇంటికి పోదామని గొణిగితే, కూర్చోమని తన కొంగు పరిచింది.

ఎండ ఎక్కాక ఫిట్టరు సాయిబు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. తాలూకాలోని పంపులన్నిటికీ ఆయన ఒక్కడే. మా మాట విని, పెద్దమ్మ కాలు చూసి, ఆయనా మెట్టు మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

"తోలు అరిగుంటదమ్మా. కొత్తవి రావట్లా. వచ్చి నేనేం చేసేది?"

"తోలేగా నాయనా. మా పల్లెలో దొరుకుద్ది. నువ్వు రా చాలు."

ఆయన సంచిలోని పనిముట్లు సరిచూసుకున్నాడు. తర్వాత లేచి, సైకిలును కూడా మా బస్సు మీదికి ఎక్కించాడు.

పల్లెలో చెప్పులు కుట్టే తాత ఆముదంలో నానేసిన గేదెతోలు తెచ్చి, అరిగిన దాన్ని నమూనాగా పెట్టుకుని కొత్తది కోశాడు. సాయిబు దాన్ని బిగించి కొట్టాడు. మొదట బురద, తర్వాత నీళ్ళు వచ్చాయి. మొదటి కుండ ఆ తాత భార్య పట్టుకుంది. పట్టమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు. అందరూ అంతగా అలసిపోయి ఉన్నారు. మర్నాడు మళ్ళీ వాళ్ళ వంతు ఆఖరుకే పోయింది.

ఆ తర్వాత తోలు అరిగితే ఆ తాతే మార్చేవాడు. గొట్టమో బోల్టో పోతే మాత్రం పెద్దమ్మే ఆ కాలు ఈడ్చుకుంటూ ఆఫీసుకు వెళ్ళేది. ఒక్కోసారి ఉత్త చేతులతో తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళేది. తోడు వస్తామన్నవాళ్ళు లేరు. ఆమె ఎలాగూ వెళ్తుందని ఊరు అలవాటు పడిపోయింది.

మరుసటి ఎండాకాలం ఒక్క వసారాలోనూ మూలుగు వినబడలేదు. అందరూ పొలాల్లో ఉన్నారు. పంపు దగ్గర బిందె నింపుతూ, నీ గురించి ఎవరూ ఒక్క మాటైనా అనలేదేమని పెద్దమ్మను అడిగాను. ఆమె బిందెను గొట్టం కిందికి జరిపింది.

"రాని జబ్బు ఎవురికి గుర్తుంటదే? గుర్తు లేకపోతేనే మంచిది. ఏమే, అంత గట్టిగా కొట్టమాక. తోలు అరుగుద్ది."

పెద్దయ్యాక నేను టీకాలు వేసే ఉద్యోగంలో చేరి, ఈపూరు చుట్టుపక్కల ఎండల్లో ఏళ్ళ తరబడి తిరిగాను. నన్ను చూసి తలుపులు వేసుకున్న ఇళ్ళున్నాయి. తిట్టినవాళ్ళున్నారు. కాళ్ళు పీకి, రేపటి నుంచి మానేద్దామనుకున్న సాయంత్రాలు లెక్కలేనన్ని. మర్నాడు మళ్ళీ అదే తలుపు తట్టేదాన్ని. ఆ ఇళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో ఒకరు మొన్న బజారులో నన్ను దాటుకుని, గుర్తుపట్టకుండా, హాయిగా నడిచి వెళ్ళిపోయారు. పిలవబోయి ఊరుకున్నాను.