డ్రైవరు సీట్లో మామ బరువు

మామ పోయాడన్న కబురు నాకు హజీరా ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి తిరిగొచ్చే కంపెనీ బస్సులో తెలిసింది. ఫోన్లో అత్తమ్మ ఏడవలేదు. "మీ మామ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే," అంది. మళ్ళీ తనే, "నీ బండికి ఒక్క బోల్టు మిగిలిందట. నీకు చెప్పుమన్నడు," అంది.

ఆయన నాకు చుట్టం కాదు. ఉధ్నా మగ్గాల పేటలో మా పక్క గదివాళ్ళు. రెండిళ్ళ వాళ్ళమూ తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళమే కాబట్టి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మామే. పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసీ చేసీ చెవులు పోగొట్టుకున్నాడు. తర్వాత మా వీధి చివర రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని కార్ల కింద దూరాడు. మన మాట పెదాలు చూసి పట్టేవాడు. పక్కన నిలబడి అరిచినా వినపడని మనిషి, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి ఏ మూల ఏ రబ్బరు అరిగిందో చెప్పేవాడు. "చెవులు మగ్గాలు తిన్నయి. చేతులున్నయి గదా," అనేవాడు.

నాది రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు, నా పెళ్ళి కంటే పాతది. మా ఆవిడ దానికి సవతి అని పేరు పెట్టింది. గుంతలో పడితే చాలు, పాత మంచం మీద పిల్లలు గెంతినట్టు కింద ఒకటే చప్పుళ్ళు. స్ప్రింగులు కొంచెం కోయించి బండిని కిందికి దించితే దర్జాగా ఉంటుందని నా ఆశ. మామ నన్ను ఎగాదిగా చూశాడు.

"రేసులకు ఉరుకుతవా, ఇంటికి పోతవా? ముందుగాల అది చెప్పు."

"ఇంటికే మామా."

"మరి గట్లయితే స్ప్రింగు జోలికి పోకు."

ఆ రోజు నుంచి మూడు నెలలు ఒక్క బోల్టు కూడా విప్పనివ్వలేదు. ప్రతి ఆదివారం నన్ను నడపమని, పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. రైలు పట్టాలు దాటించేవాడు, మళ్ళీ దాటించేవాడు. చేతికి తగిలింది తగిలినట్టు చెబుతుంటే ఇంటికొచ్చి నేను రాసుకునేవాణ్ణి. మార్చాల్సినవి: నాలుగు షాకబ్జర్లు, ముందరి బాల్ జాయింట్లు, అన్ని మూలలా ఇనప కీళ్ళ మధ్య ఉండే రబ్బరు బుష్‌లు. ఒక్కటి కొత్తది వేస్తే పక్కనున్న పాతది ఊరుకోదట. "ఎట్ల పెడుతవో తెల్సినంకనే విప్పాలె అల్లుడా. విప్పుడు ఎవనికైనా వస్తది." నాకు విసుగొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆదివారాలే నా బతుకులో నిదానంగా గడిచిన రోజులు.

అన్నిటికంటే వింత ఆయన బుష్‌లు బిగించే పద్ధతి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే లోపలి రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. బండి చక్రాల మీద నిలబడాలి, నడిపేవాడి బరువు సీట్లో ఉండాలి, అప్పుడు బిగించాలి. నేను బండి కింద, షెడ్డు నేలలో తవ్విన గుంతలో పానా పట్టుకుని ఉండాలి కనుక నా బదులు ఆయన కూర్చునేవాడు. ఇద్దరం ఒకే బరువు. కొలవడానికి టేపు కాదు, నేతపని వాడి లెక్కే: చక్రం పైన మడ్‌గార్డు లోపలి అంచుకు, గుంతలోంచి కనపడేట్టు, తెల్లటి నూలుదారం కట్టి, ముడి వేసి వేలాడదీసేవాడు. సీట్లో మనిషి ఉంటే ముడి సరిగ్గా చక్రం నడిమికి వస్తుంది. దిగితే బండి లేచి, ముడి ఒక వేలెడు పైకి పోతుంది.

పని మొదలయ్యాక మామ చిక్కిపోవడం మొదలైంది. కడుపులో జబ్బు అన్నారు. ఒక ఆదివారం ముడి నడిమికి రాలేదు. ఆయన దిగి, మగ్గాల రోజుల నుంచి షెడ్డు మూలన దాచుకున్న నూలు తూచే కాంటా ఎక్కి చూసుకుని, తగ్గినంత బరువుకు నూలు చుట్టిన కోన్లు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. "నేను తగ్గిన సంగతి బండికెందుకు," అన్నాడు. పై వారం ఇంకొన్ని కోన్లు పెరిగాయి. చివరికి కోన్ల వెనక ఆయన ముఖం మాత్రమే కనపడేది. గుంతలోకి దిగే ముందు అటు చూడటానికి నాకు భయం వేసేది. మూడు మూలలు అలా పూర్తి చేశాం.

నాలుగోది, డ్రైవరు వైపు ముందరిది, మిగిలిన ఆదివారం నేను వెళ్ళలేదు. ఓవర్‌టైమ్ అని చెప్పాను. నిజానికి ఆయన్ని ఆ సీట్లో చూడలేకపోయాను. సోమవారం పోయాడు. అత్తమ్మ మూడో రోజున చెప్పింది. "ఆదివారం దినమంతా బండిలనే కూసున్నడు. తిననీకి కూడ దిగలే. అల్లుడు వస్తడు, వస్తడు అనుకుంటనే ఉండె."

పదకొండో రోజుకు షెడ్డు ఖాళీ చేయాలి. పదో రోజు మధ్యాహ్నం వెళ్ళాను. షెడ్డులో ఎవరూ లేరు. నా బరువుకు సరిపడా కోన్లు తూచి సీట్లో పేర్చి, గుంతలోకి దిగి దారం చూశాను. ముడి నడిమి కంటే వేలెడు కిందికి ఉంది. దారం సాగిందేమో అనుకుని కొత్తది కట్టాను. అదే కొలత. టైర్లలో గాలి చూశాను. బాగానే ఉంది. పైకొచ్చి కోన్లన్నీ తీసేశాను. ఒక్కటీ మిగల్లేదని సీటు తడిమి చూసుకున్నాను. మళ్ళీ దిగాను.

ఖాళీ సీటుతో ముడి సరిగ్గా చక్రం నడిమిన ఉంది.

పానా అక్కడే పడేసి పారిపోదామనిపించింది. కానీ ఇదివరకే ఒకసారి రాకుండా ఎగ్గొట్టాను. లుంగీతో చేతులు తుడుచుకుని, ఆయన నేర్పినట్టే, తొందరపడకుండా బిగించాను. బోల్టు ఇక తిరగనంది. తర్వాత ఆయనకు వినపడదు కదా అని గట్టిగానే అన్నాను.

"అయిపోయింది మామా. ఆలస్యం చేసిన. ఇగ దిగు."

తలుపు తెరుచుకోలేదు. నా తల మీద కారు మాత్రం మెల్లగా లేచింది. తెల్లటి దారం చివర ముడి చక్రం నడిమిని వదిలి పైకి జరిగింది, ఒక్క వేలెడు, అక్కడే నిలిచింది.