ఒక్క ముక్క రాడ్డు

మా ఆయన శంకరన్నకు ఎమ్మిగనూరులో బుల్లెట్ మెకానిక్ అని పేరు. ఆ పేరు ఊరి జనం కంటే ఆయన తలకే ఎక్కువ ఎక్కింది. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆయన, లోపల మగ్గం గుంటలో నేను. మధ్యలో ఒకే గోడ. అందుకే ఆయన గొప్పలన్నీ నాకు కంఠతా వచ్చు. ఎదురుపడినా పలకరించకుండా పోతాడని వీధిలో అందరూ అంటుంటే, పొగరు పెరిగిందని నేనూ నాలుగు తిట్టాను.

మొన్న ఆదోని నుంచి అశోక్ వచ్చాడు. పత్తి వ్యాపారుల ఇంటి పిల్లవాడు. బండి నిక్షేపంగానే ఉంది, కానీ ఇంకా దూకాలట, అందుకని ఇంజనుకు కొత్త కామ్ కొనుక్కొచ్చాడు. ఆదోని బజారులో పత్తి లారీల వెనక నిలబడడానికి అంత దూకుడు ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

కామ్ తిరుగుతూ ఒక కడ్డీని పైకి తోస్తుంది, ఆ కడ్డీ వాల్వును తెరుస్తుంది. ఆ కడ్డీనే పుష్‌రాడ్డు అంటారు. కామ్ మారితే దాని పొడవూ మారాలి. మర తిప్పి పొడవు సరిచేసుకునే రకం ఒకటుంది. ఇంకోటి ఒక్క ముక్క, ముందే కొలిచి చేయించుకోవాల్సిందే.

"శంకరన్నా, అడ్జస్టబుల్‌వి వేస్తే పోలేదా?" అన్నాడు అశోక్.

"కొలత రానోళ్లు ఏసుకుంటారప్పా అవి! నట్టు వదులైతే దావలో నిలబడి నన్నే తిడ్తావు. ఒక్క ముక్కదే ఎయ్యల్ల" అని మా ఆయన మీసం దువ్వుకున్నాడు.

కొలిచి, బెంగళూరుకు ఫోను చేసి కొలత చెప్పాడు. రాడ్లు వచ్చాయి. బిగించి కిక్కు కొడితే కాలికి బరువే తగల్లేదు. రాడ్డు పొడవెక్కువై వాల్వు మూసుకోవడం లేదు, గాలంతా బయటికి పోతోంది. "బెంగళూరోళ్లకు పని రాదు" అన్నాడు. మళ్లీ కొలిచాడు, మళ్లీ తెప్పించాడు. ఈసారి పొట్టివి. ఇంజను లడలడా కొట్టుకుంది. "ఈ కామే సరిగా చెక్కలేదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

టీ ఇద్దామని షెడ్డులోకి పోతే, కొలిచే వెర్నియర్‌ను ఎండకు పట్టుకుని ఉన్నాడు. ముక్కు దగ్గరికి తెస్తాడు, చేయి చాచి దూరం పెడతాడు. గీతల కోసం వెతుకుతున్నాడు. నేను పక్కన పెట్టిన గ్లాసు కోసం తడుముకున్నాడు. పలకరించకుండా పోయేది పొగరుతో కాదని అప్పుడు అర్థమైంది.

"కనపడల్లేదా ఏమప్పా?" అన్నాను.

"కనపడకేమి? దీని గీతలే అరిగిపోయినాయి."

ఇనుము మీద చెక్కిన గీతలు అరిగాయట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కండ్లు సూపించుకుందాం రా" అన్నాను.

గొంతు తగ్గించాడు. "అరవొద్దే. శంకరన్నకు కండ్లు పోయినాయని తెలిస్తే బండి ఎవడిస్తాడు? షెడ్డు మూసుకోవాల్సిందే."

ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. "గీతలు నేను చదువుతా, నువ్వు పని సెయ్యి" అంటే, "మగ్గం కాడికి పో" అని కసిరాడు. ఈ మనిషికి చూపు పోయినా ఫరవాలేదు, మాట పోకూడదు.

"అయితే ఆ మర రాడ్లే ఎయ్యి. వాటికి కండ్లతో పనేముంది? సేతి ఏళ్లు సాలవా?" అన్నాను. గోడ అవతలి నుంచి ఇన్నేళ్లు వింటున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? రాడ్డును రెండు వేళ్ల మధ్య పట్టి మర తిప్పుతారు. పైకీ కిందికీ ఆడకుండా, వేళ్లకు తేలిగ్గా తిరిగితే కొలత కుదిరినట్టే.

 మరునాడు అశోక్‌కు ఫోను చేశాడు. "ఈ కామ్‌కు అడ్జస్టబుల్‌వే పడ్తాయప్పా. ముందే సెప్పల్ల గదా నువ్వు?" అని ఎదురు నిలదీశాడు! ఆ మాట మొదట అన్నది తానే కదా అని ఆ పిల్లవాడికి తోచనే లేదు. దొందూ దొందే.

ఆ రాడ్లు వచ్చిన రోజు మా ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. రాడ్డును వేళ్లతో తిప్పి చూశాడు, మర కొంచెం తగ్గించాడు, మళ్లీ తిప్పి చూసి నట్టు బిగించాడు. మొదటి కిక్కుకే బండి అందుకుంది. లడలడ లేదు. అశోక్ రయ్యిమని ఆదోని దారి పట్టాడు.

మా ఆయన చేతులు తుడుచుకుని, రొమ్ము విరుచుకుని పెరట్లోకి వచ్చాడు. తీగ మీద నా చీర ఆరుతోంది.

"సూస్తివా వసంతా! ఈ పని ఇంకెవనికొస్తాదే?" అని ఆ చీరను అడిగాడు.

నేను ఇవతల గడపలో ఉన్నాను. నోటిదాకా వచ్చిన ఎత్తిపొడుపును మింగేశాను. చప్పుడు కాకుండా పోయి ఆ చీర పక్కన నిలబడ్డాను.

"సూస్తి" అన్నాను.