గరగర కావాలన్న గిరాకీ

2023 యాసంగి పంటకాలం నాటి మాట. జనగామలో రైల్వే గేటు అవతల, మా ఇంటి వరండాలోనే నేను స్పీకర్లు బాగుచేస్తాను. బోర్డు లేదు. భజన బృందాల వాళ్లు, పెళ్లిళ్లకు సౌండు పెట్టేవాళ్లు "ఖాజా భాయ్ ఇల్లేది" అని అడుగుతూ వస్తారు. రైలు పోతున్నంతసేపు మాత్రం ఏ స్పీకరూ పరీక్షించను, కూర్చుని టీ తాగుతాను. నా చెవి మీద నాకు అంత నమ్మకం. పొగరంటే పొగరే అనుకోండి.

స్పీకరు ముందు కనిపించే కాగితం గిన్నెను కోన్ అంటారు. దాని అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ సరౌండ్. కోన్ చిరిగితే పాట వెనకాల గరగర మొదలవుతుంది. చాలామంది దాన్ని అప్పుడే పాతసామాన్లకు వేసేస్తారు. అక్కర్లేదు. వడ్రంగులు వాడే తెల్ల గమ్ములో కాస్త నీళ్లు కలిపి, చిరుగు మీద పల్చటి టిష్యూ ముక్క పరిచి, బ్రష్షుతో అద్ది, ఒక పూట ఆరనిస్తే చాలు. సరౌండ్ చిరిగితే సైకిల్ పంక్చర్లకు వాడే రబ్బరు సొల్యూషన్ రాయాలి, అది ఎండాక కూడా సాగుతుంది. వేలికి అంటితే ఊడిరాని ఆ చుక్క గమ్ము జోలికి మాత్రం పోవద్దు. అది కాగితాన్ని రాయిలా బిగిస్తుంది, దాని పక్కనే మళ్లీ చిరుగుతుంది. ఇవన్నీ అందరికీ చెప్పేస్తే మన ఇంటికి ఎవరొస్తారని మా ఆవిడ దిగులు.

ఆ యాసంగిలో మొగుళ్లపల్లి వైపు నుంచి రాజయ్య అనే రైతు, జనగామలో ఉన్న చెల్లెలి ఇంటికి వస్తూ ఒక చెక్క డబ్బా తెచ్చాడు. కాలికి ఆపరేషన్ అయి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. డబ్బాలో స్పీకరు, మెమరీ కార్డు వేసే చిన్న ప్లేయరు, బ్యాటరీ ఉన్నాయి. మక్కచేనులోకి, అంటే మొక్కజొన్న చేనులోకి, వచ్చే అడవి పందులను బెదరగొట్టడానికి పెట్టుకున్నారట. కార్డులో ఉన్నది ఆయన భార్య సమ్మక్క గొంతు. పెట్టి చూశాను. ఆమె "హోయ్, హోయ్" అని అరుస్తుంటే, రేకు మీద గులకరాళ్లు దొర్లినట్టు గరగర. కోన్ బెత్తెడు చిరిగి ఉంది.

"వాడకట్టోళ్లు నవ్వుతున్నరు భాయ్. నీ పెండ్లాం గొంతు బొంగురువోయిందా అని అడుగుతున్నరు. జర సాఫ్ జేసియ్యి" అన్నాడు.

మనసు పెట్టి చేశాను. మర్నాడు వినిపిస్తే సమ్మక్క వరండాలోనే నిలబడి అరుస్తున్నట్టుంది. రాజయ్య మురిసిపోయాడు, నేను అంతకన్నా మురిసిపోయాను.

వారం తిరగకముందే సమ్మక్క తానే వచ్చింది. పరకాలలో, హనుమకొండలో బస్సులు మారి, డబ్బా మోసుకుని.

"గీ డబ్బా నువ్వే జేసినవా?"

"నేనే అక్కా. ఎట్లున్నది?" మెచ్చుకుంటుందనే అడిగాను.

"మస్తుగున్నది. పందులకు గూడ మస్తుగనే ఉన్నట్టున్నది. ఇనుకుంటనే మూలకున్న సాళ్లన్ని తొక్కి పోయినయ్."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. మెట్టు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"మా ఆయన కాలు గట్లాయె. కావలికి పోలేడు. నేనొక్కదాన్నే మంచె మీద పండాలె. పక్క చేనాయనేమో కరెంటు తీగ గుంజుమంటున్నడు. పంది కాదు, మనిషి తగులుతె ఎట్ల? నేనైతె పెట్ట. ఆ గరగర ఉన్నన్ని దినాలు ఒక్క పంది రాలే భాయ్. కంకులు పాలువోసుకున్నయ్. గిప్పుడు పోతె ఇగ ఏముండది. నాకు ఆ పాత చప్పుడే కావాలె."

"అతికిచ్చిన కోన్ మళ్ల చింపుమంటవా? నా చేతులతోని నేను చింప అక్కా."

"నువ్వు చింపకు. కత్తెరియ్యి, నేనే చింపుత."

కత్తెర తీసి నా వెనక పెట్టుకున్నాను. నా భయం ఒట్టి పొగరు కాదు. కోన్ వెనక వాయిస్ కాయిల్ అని సన్నటి తీగ చుట్ట ఉంటుంది. చిరుగు పెరిగి కోన్ పక్కకు ఒరిగితే ఆ చుట్ట అయస్కాంతానికి రాసుకుని కాలిపోతుంది. సరిగ్గా కంకులు గట్టిపడే వేళ డబ్బా మూగదైతే ఆమె గతేంటి? చిరుగు ఉండకూడదు, గరగర ఉండాలి. ఇలాంటి పని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

రైలు వచ్చింది. టీ తాగుతూ ఆలోచించాను. లోపలికెళ్లి పాత ఎక్స్‌రే ఒకటి తెచ్చి, వేలెడంత పట్టీ కత్తిరించాను.

"ఎవలిదది?" అంది సమ్మక్క.

"మా అత్తది. దగ్గు లేసినప్పుడు తీయించినం."

పట్టీకి ఒక కొసన రబ్బరు సొల్యూషన్ రాసి కోన్‌కు అతికించాను. రెండో కొస వదిలేశాను. కోన్ ఊగితే ఆ కొస దానికి కొట్టుకోవాలి. ప్లేయరు పెట్టగానే లేచిన చప్పుడు ఎంత ఘోరంగా ఉందంటే, వంటింట్లోంచి మా ఆవిడ "క్యా జీ, ఫోడ్ డాలే క్యా?" అని కేకేసింది. పగలగొట్టేశారా అని.

"గిదే! గిదే భాయ్!" సమ్మక్క లేచి నిలబడింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

పందులు దేనికి భయపడతాయో నాకు తెలియదు, ఆమెకు అదే చెప్పాను. కానీ రోజూ ఒకే చప్పుడైతే ఏ ప్రాణికైనా అలవాటు పడిపోతుంది. అందుకని పట్టీని అప్పుడప్పుడు పీకి ఇంకోచోట అతికించమన్నాను. రబ్బరు సొల్యూషన్ కాబట్టి మెల్లగా లాగితే కాగితం చిరగకుండా ఊడుతుంది. ఆమెనే పీకి, మళ్లీ అతికించి చూపించమన్నాను. నాకన్నా నీటుగా చేసింది. సొల్యూషన్ ట్యూబు కొంగున కట్టుకుని బస్సుకు పోయింది.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. డబ్బా దగ్గర ఫోన్ పెట్టి "ఇను భాయ్, ఎట్లున్నది?" అనేది. "ఇంక జర ఖరాబుండాలె అక్కా" అనేవాణ్ని. గరగరలు తీసి బతికిన నేను, గరగర చాలలేదని వంకలు పెట్టడం చూసి మా ఆవిడ నవ్వీ నవ్వీ అలిసిపోయేది. నాకు మాత్రం ఆ ఫోన్ రాని రోజు ఏదో వెలితిగా ఉండేది.

మక్కలు ఇంటికి చేరాక రాజయ్య మళ్లీ వచ్చాడు. పందులు ఒకటి రెండుసార్లు గట్టుదాకా వచ్చి మళ్లిపోయాయట. దుమ్ము దులిపి ఇమ్మని డబ్బా ఇచ్చాడు. తెరిచి చూస్తే నేను వేసిన పట్టీ లేదు, వేరేది ఉంది. వెలుతురుకు పెట్టి చూశాను. మోకాలి కింది ఎముక, దానికి బిగించిన మేకులు కనిపించాయి.

"నాదే భాయ్" అన్నాడు రాజయ్య సిగ్గుపడుతూ. "మీ అత్తది అరిగిపోతె మా ఆమె నాది కత్తిరిచ్చింది. ఆమెను ఒక్కదాన్ని చేనుకు తోలుతున్ననని నాకు శానా రంది ఉండె. ఆమేమో, నీ కాలే కావలి కాస్తున్నది, నువ్వు నిమ్మలంగ పండుమన్నది."

"మరి దీన్ని తీసెయ్యాల్నా?"

"వద్దు భాయ్. ఉండనీ."

దుమ్ము దులిపి, పట్టీని ముట్టకుండా మూత బిగించాను. ఇప్పుడు ఎవరు స్పీకరు తెచ్చినా గమ్ము డబ్బా వెంటనే తెరవను. ముందు కూర్చోబెట్టి ఒక మాట అడుగుతాను: "ఇది ఎవలికి ఇనవడాలె?"