ఖాజీ గదికి రెండో తలుపు

గల్ఫ్ యుద్ధం ముగిశాక నేను తాపీపనికి రియాద్ వెళ్లాను. మా క్యాంపు ఆ నగరం శివారు సులైలో ఉండేది. పని మాత్రం దూరంగా ఒక చిన్న పట్నంలో దొరికింది. అక్కడి పాత మహ్కమాను, అంటే కోర్టును, మరమ్మతు చేయాలి. కోర్టు అప్పటికే కొత్త భవనంలోకి మారిపోయింది.

నాకు తెలిసిన కోర్టు జగిత్యాలదే. అక్కడ జడ్జి ఎత్తు మీద కూర్చుంటాడు, ముద్దాయి బోనులో నిలబడతాడు. ఇక్కడ మట్టి ఇటుకల మందపాటి గోడలు, ఖర్జూరపు దూలాల కప్పు, గాలికోసం గోడల పైభాగంలో ముక్కోణపు కన్నాలు. ఇక్కడి జడ్జి, అంటే ఖాజీ, కూడా అందరితో పాటు నేల మీదే కూర్చునేవాడట. మరి ఖాజీ ఎవరో కొత్తవాళ్లకు ఎలా తెలిసేదని అడిగితే మా ఫోర్‌మన్ నవ్వాడు. ఆయనది హైదరాబాదు, అరబ్బీ బాగా వచ్చు.

ఖాజీ గదిలో గోడకు పూసిన పాత గిలాబు గీకుతుంటే ఒకచోట తాపీ చప్పుడు మారింది. ఇంకాస్త గీకాను. లోపల సిమెంటు ఇటుకలు బయటపడ్డాయి, సరిగ్గా తలుపంత మేర. చుట్టూ మట్టిగోడ, మధ్యలో సిమెంటు. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో తెలియక ఫోర్‌మన్‌ను పిలిచాను.

"భాయ్, ఈడ తలుపుండె. ఎందుకు మూసిండ్రు?"

"అది మన పని కాదు తమ్మీ. గిలాబు గీకు," అన్నాడు ఫోర్‌మన్. కానీ ఆయనకూ ఆగలేదు. కాసేపటికి వాకిట్లో గవ్వా, అంటే అరబ్బు కాఫీ, కాచుకుంటున్న ముసలి కావలిమనిషిని పిలుచుకొచ్చాడు. కోర్టు ఇక్కడున్నన్నాళ్లూ కావలి ఆయనదే.

ఆయన చెప్పింది ఫోర్‌మన్ నాకు తెలుగులో చెప్పాడు. యుద్ధంలో విషవాయువు వస్తుందని అందరూ భయపడ్డారట. తలదాచుకోవడానికి ఈ గది మంచిదని కన్నాలకు ప్లాస్టిక్ అంటించి, ఈ వెనక తలుపును ఇటుకలతో మూసేశారట. యుద్ధమైపోయినా తెరిచే తీరిక ఎవరికీ దొరకలేదు.

అసలు ఒక్క గదికి రెండు తలుపులెందుకని అడగమన్నాను. తీర్పయ్యాక ఇద్దరూ ఒకే దారిన పోతే బయట మళ్లీ తన్నుకుంటారని పెట్టారట. గెలిచినవాడు వాకిట్లోకి, ఓడినవాడు వెనక సందులోకి.

ముసలాయన ఆ ఇటుకల మీద అరచెయ్యి ఆనించి ఇంకేదో అన్నాడు. ఫోర్‌మన్ నావైపు తిరిగాడు.

"ఈయన వయసులున్నప్పుడు బాయి నీళ్ల కాడ అన్నతోని కొట్లాట అయిందంట. తీర్పుల ఓడిపోయి ఈ తలుపుకెల్లే బయటికి పోయిండంట."

"మరి అన్న?"

"గెలిచి వాకిట్లకు పోయినోడు చుట్టు తిరిగొచ్చి సందు చివర నిలబడ్డడంట. ఇద్దరు ఒక్క గాడిద మీదనే ఇంటికి పోయిండ్రంట."

ముసలాయన మా మొహాలు చూసి, చెప్పడం పూర్తయిందని గ్రహించి తలూపాడు.

మా ఇంజనీరు ఒప్పుకున్నాక ఇటుకలు తీశాం. అవతల సందులో మోకాలెత్తు ఇసుక పేరుకుపోయి ఉంది. దాన్ని తోడి, వడ్రంగి చేత కొత్త తలుపు పెట్టించాం. ముసలాయన వెనక తలుపులోంచి వెళ్లి, సందు చుట్టి, వాకిట్లోంచి లోపలికొచ్చాడు. బాగుంది గానీ పాత గడప ఇంకో బెత్తెడు ఎత్తుండేదని చెప్పి గవ్వా తాగడానికి వెళ్లాడు. మర్నాడు గడప ఎత్తు పెంచాం.